‘నడిస్తే తగ్గిపోతుంది’ అన్నది సగం మాటే

షుగర్ ఉందని తెలిస్తే చాలు, మన దగ్గర సలహాలకి కొదవుండదు. పెళ్లి భోజనంలో పక్కన కూర్చున్నాయన, రైల్లో ఎదుటి బెర్తు ఆంటీ, హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయ్, అందరిదీ ఒకటే మాట: “రోజూ పొద్దున్నే నడువు నాయనా, అదే తగ్గిపోతుంది.” మెంతుల దగ్గర, కాకరకాయ రసం దగ్గర అభిప్రాయ భేదాలు ఉండొచ్చు గానీ, నడక విషయంలో మాత్రం అందరూ ఏకగ్రీవం.

ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే సగం దగ్గరే ఆగిపోయింది. నాకు తొమ్మిదో తరగతి నుంచి టైప్ 1 డయాబెటిస్. రోజుకి నాలుగుసార్లు ఇన్సులిన్ వేసుకుంటాను, సాయంత్రం వాలీబాల్ ఆడతాను. మా అమ్మకి టైప్ 2, తను మాత్రలు వేసుకుంటుంది. అంటే మా ఇంట్లో ఒకే పేరుతో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఇద్దరికీ ఊరంతా చెప్పే సలహా మాత్రం ఒక్కటే. ఆ సగం మాట వల్ల మా ఇద్దరికీ నష్టమేనని, మిగతా సగం మన క్యాంపస్‌లో అందరికీ తెలిసుండాలని నా వాదన.

ముందు నిజమైన సగం

నడిస్తే షుగర్ ఎందుకు తగ్గుతుంది? “కేలరీలు ఖర్చవుతాయి కాబట్టి” అని చాలామంది అనేస్తారు. అసలు సంగతి అంతకంటే బాగుంటుంది.

రక్తంలోని గ్లూకోజ్ కండరం లోపలికి వెళ్లాలంటే ఒక తలుపు కావాలి. గ్లట్-4 అనే ప్రోటీన్ ఆ తలుపు. మామూలప్పుడు ఇది కణం లోపల ఎక్కడో ముడుచుకుని ఉంటుంది. ఇన్సులిన్ వచ్చి కబురు చెప్తే కణం అంచుకి వచ్చి నిలబడుతుంది, గ్లూకోజ్ లోపలికి వెళ్తుంది. టైప్ 2లో జరిగే గొడవ ఏంటంటే, ఇన్సులిన్ ఎంత పిలిచినా కణం సరిగ్గా పలకదు. అయితే కండరం పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్ కబురుతో పని లేకుండానే గ్లట్-4 అంచుకి వచ్చేస్తుంది. వీధి గుమ్మం మూసుకుపోయినా దొడ్డిదారి తెరిచే ఉంటుందన్నమాట. ఇన్సులిన్ మాట వినని శరీరం కూడా నడక మాట వినేది అందుకే.

ఇంకో లాభం కూడా ఉంది. కండరం తన దగ్గర దాచుకున్న గ్లైకోజెన్‌ని ఆటలో వాడేస్తుంది. ఆట అయిపోయాక ఖాళీ అయిన ఆ గిడ్డంగిని మళ్లీ నింపుకోవాలి. అందుకని ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజుల దాకా శరీరం ఇన్సులిన్‌కి మామూలు కంటే బాగా స్పందిస్తుంది. వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త వేగంగా నడవమని, వరసగా రెండు రోజులకి మించి మానెయ్యొద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే. ఆదివారం ఒక్కరోజే రెండున్నర గంటలు నడిచేసి వారం మొత్తానికి లెక్క సరిపెడితే కుదరదు.

దీనికి రుజువులు కూడా గట్టివే. చైనాలోని డాచింగ్ అనే ఊళ్లో 1986లో ఒక అధ్యయనం మొదలైంది. షుగర్ ఇంకా రాలేదు గానీ అంచు మీద ఉన్న 577 మందిని ఆరేళ్లు గమనించారు. ఏ మార్పూ చెయ్యని వాళ్లతో పోలిస్తే, వ్యాయామం చేసిన వాళ్లలో షుగర్ వచ్చే ముప్పు 46 శాతం తగ్గింది. చైనా దాకా ఎందుకు, మన పక్కనే చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఇలాంటివాళ్లే 531 మందితో చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. తిండిలో మార్పులు, నడక కలిపితే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 26.4 శాతం. అంటే నడక, తిండి కలిసి ఒక మందుతో సరిసమానంగా నిలబడ్డాయి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది, అంచు మీద ఉన్నవాళ్లు ఇంకో 13.6 కోట్లు. ఈ వ్యాసం చదివే వాళ్లలో ఎంతమంది ఇళ్లలో ఆ లెక్కకి చెందిన మనిషి ఉన్నారో మీకే తెలుసు.

ఎంత నడిచామన్నదే కాదు, ఎప్పుడన్నది కూడా

మా అమ్మ పొద్దున్నే అరగంట నడిచేది. తర్వాత రోజంతా కుట్టు మిషన్ ముందు కూర్చునే పని. రాత్రి తొమ్మిదికి అన్నం, వెంటనే సీరియల్, తర్వాత నిద్ర. “నడుస్తూనే ఉన్నా కదరా, అయినా తిన్నాక షుగర్ దిగట్లేదు” అనేది.

న్యూజిలాండ్‌లో టైప్ 2 ఉన్న 41 మందితో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2016లో వచ్చాయి. అందులో కొన్నాళ్లు రోజుకి ఒకేసారి 30 నిమిషాలు నడిపించారు. ఇంకొన్నాళ్లు అదే 30 నిమిషాలని మూడు ముక్కలు చేసి, ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడవమన్నారు. రెండింటిలోనూ మొత్తం నడక సమానమే. కానీ భోజనం తర్వాత నడిచినప్పుడు, తిన్నాక పెరిగే షుగర్ సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం తక్కువ. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. అన్నం అరిగి గ్లూకోజ్ రక్తంలోకి వస్తున్న సమయానికే కండరం ఆ దొడ్డిదారి తెరిచి పెడుతోంది.

తిన్నాక నాలుగడుగులు వెయ్యాలని మన నాయనమ్మలు ఎప్పుడూ చెప్పేదే. మనమే దాన్ని తీసుకెళ్లి పొద్దున ఐదింటి పార్కులో పెట్టేశాం. పొద్దున నడక మానెయ్యమని నేను అనట్లేదు. దానికి తోడు రాత్రి అన్నం తిన్నాక వీధి చివరి దాకా వెళ్లి రావడం, అరగంటకోసారి కుర్చీలోంచి లేవడం కలిపితే చాలు. ఇప్పుడు రాత్రి అమ్మకి ఫోన్ చేసేటప్పుడు భోజనం అయ్యాకే చేస్తాను. తను డాబా మీద నడుస్తూ మాట్లాడుతుంది. మీరూ చేసి చూడండి, పైసా ఖర్చు లేదు.

వెనక్కి పిలవలేని ఇన్సులిన్

ఇక ఎవరూ చెప్పని సగం.

షుగర్ లేని మనిషి పరుగు మొదలుపెట్టగానే అతని క్లోమం ఇన్సులిన్‌ని తగ్గించేస్తుంది. ఇంకోపక్క కాలేయం దాచిపెట్టిన గ్లూకోజ్‌ని రక్తంలోకి వదులుతుంది. ఖర్చూ రాబడీ క్షణక్షణం సరిపోతుంటాయి కాబట్టి గంటసేపు ఆడినా షుగర్ దాదాపు ఉన్నచోటే ఉంటుంది. కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టులో మనం చదివే క్లోజ్డ్ లూప్ ఇదే.

నాది ఓపెన్ లూప్. మధ్యాహ్నం వేసుకున్న ఇన్సులిన్ సాయంత్రం నేను గ్రౌండ్‌లోకి దిగుతున్నానని తెలుసుకుని ఆగదు. చర్మం కింద నుంచి అది రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. పైగా ఆడుతున్నప్పుడు రక్తప్రసరణ పెరిగి ఇంకా తొందరగా చేరుతుంది. అది పిలిచిన తలుపులు కొన్ని, కండరం సొంతంగా తెరిచిన తలుపులు కొన్ని, అన్నీ కలిసి గ్లూకోజ్‌ని లాగేస్తాయి. ఇన్సులిన్ ఎక్కువగా ఉంది కాబట్టి కాలేయం సరుకు వదలదు. ఫలితంగా షుగర్ 70 కిందకి పడిపోతుంది. దీన్నే హైపో అంటారు. ఇది కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు. ఇన్సులిన్‌ని మొదటిసారి మనిషికి ఇచ్చింది 1922లో. నాలుగేళ్ల తర్వాత, 1926లో, ఆర్.డి. లారెన్స్ అనే బ్రిటిష్ డాక్టర్ వ్యాయామం ఇన్సులిన్ పనిని ఎంత పెంచుతుందో చూపించాడు. ఆయన కూడా ఇన్సులిన్ మీద బతికినవాడే.

హైపో వస్తే వణుకు, చెమట, గుండె దడ, ఆకలి, చిరాకు, మాట తడబడటం. ఇక్కడే గ్రౌండ్‌లో ఒక చిక్కుంది. మ్యాచ్ మధ్యలో అందరికీ చెమటే, అందరికీ దడే. అందుకే పట్టుకోవడం కష్టం. ఒకడు ఉన్నట్టుండి తేలిక బంతుల్ని వదిలేస్తున్నా, పిలిస్తే పలక్కపోయినా, ఊరికే గొడవ పెట్టుకుంటున్నా వాడి మూడ్ బాలేదని వదిలెయ్యకండి. వాడికి షుగర్ ఉందని తెలిస్తే ముందు మీటర్ చూడమనండి.

పడిపోయినప్పుడు చెయ్యాల్సింది తేలికే. 15 గ్రాముల గ్లూకోజ్ లేదా పంచదార నోట్లో వేసుకోవాలి. అంటే మూడు చిన్న చెంచాలు, నీళ్లలో కలిపినా సరే. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఇంకా 70 కిందే ఉంటే మళ్లీ అంతే. చాక్లెట్‌లో కొవ్వు ఉంటుంది కాబట్టి దాని చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది, ఆ తొందరలో అది పనికిరాదు. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

అన్నిటికంటే భయపెట్టేది రాత్రి. సాయంత్రం ఆట, అర్ధరాత్రి హైపో. ఖాళీ అయిన గిడ్డంగిని కండరాలు నిద్రలోనూ నింపుకుంటూనే ఉంటాయని పైన చెప్పాను కదా, దాని ప్రభావమే ఇది. అందుకే గట్టిగా ఆడిన రోజు పడుకునే ముందు మీటర్ చూస్తాను, డాక్టర్ చెప్పినట్టు ఆ రాత్రి డోసు తగ్గించుకుంటాను. నా రూమ్మేట్‌కి పంచదార డబ్బా ఎక్కడుందో తెలుసు.

ఇది ఇన్సులిన్ వాడేవాళ్ల గోలే అనుకోకండి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు కూడా షుగర్‌ని కిందకి తోసేస్తాయి. అవి వేసుకుని, ఏమీ తినకుండా పొద్దున్నే గంట నడిచే నాన్నలు మనలో ఎందరికో ఉన్నారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి ఈ ప్రమాదం చాలా తక్కువ. కాబట్టి ఇంటికెళ్లినప్పుడు నాన్నగారి మాత్రల అట్ట మీద పేరు చదవండి. “ఈ మందుతో హైపో వస్తుందా?” అని డాక్టర్‌ని అడగండి. మాత్ర మీరే మానిపించెయ్యకండి. ఇంకొకటి, ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, రాయి గుచ్చుకున్నా తెలీదు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. భక్తితో చెప్పుల్లేకుండా బయల్దేరే పెద్దవాళ్లకి ముందు అరికాళ్లు పరీక్ష చేయించుకోమని చెప్పడం కూడా సేవే.

పరిగెత్తితే పెరగడం కూడా ఉంది

“నాలుగు రౌండ్లు పరిగెత్తరా, దిగిపోతుంది” అంటారు. ప్రతిసారీ దిగదు. వంద మీటర్ల పరుగు, జిమ్‌లో భారీ బరువులు, ఫైనల్ మ్యాచ్ టెన్షన్, వీటన్నిటిలో అడ్రినలిన్ ఎగసి కాలేయం చేత గ్లూకోజ్ కక్కిస్తుంది. తాపీగా నలభై నిమిషాలు జాగింగ్ చేస్తే పడిపోయే షుగరే, పది స్ప్రింట్లు కొడితే పైకి లేవొచ్చు. ఇందులో కంగారేమీ లేదు, చాలాసార్లు దానంతటదే దిగుతుంది.

కంగారు పడాల్సింది ఇంకోచోట. టైప్ 1 ఉన్న మనిషి ఒంట్లో ఇన్సులిన్ చాలక షుగర్ 250 దాటి, కీటోన్లు కూడా కనిపిస్తుంటే పరిగెత్తడం ప్రమాదం. ఇన్సులిన్ లేదు కాబట్టి కండరానికి గ్లూకోజ్ సరిగ్గా అందదు, కాలేయం వదలడం ఆపదు, శరీరం కొవ్వుని కరిగిస్తుంది, కీటోన్లు ఇంకా పెరుగుతాయి. రక్తం ఆమ్లంగా మారి ఐసీయూ దాకా పోవచ్చు. ఆ సమయంలో కావాల్సింది ఇన్సులిన్, నీళ్లు, డాక్టర్. గ్రౌండ్ కాదు. “వ్యాయామం చేస్తే ఇన్సులిన్ మానెయ్యొచ్చు” అని టైప్ 1 పిల్లలున్న తల్లిదండ్రులకి చెప్పే పెద్దమనుషులు ఈ పేరా రెండుసార్లు చదవాలి. మా శరీరంలో ఇన్సులిన్ తయారయ్యే కణాలే దాదాపు పోయాయి. ఎన్ని కిలోమీటర్లు నడిచినా అవి తిరిగి రావు.

అందుకే నాలాంటివాళ్లం ఆటకి ముందు అంకె చూసుకుంటాం. గంటలోపు జాగింగ్ లాంటిదానికైతే 126కీ 180కీ మధ్యలో మొదలుపెట్టడం మంచిదని నిపుణుల సూచన. 90 కిందుంటే ముందు 10 నుంచి 20 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని మొదలుపెట్టాలి. మనిషిని బట్టి ఈ అంకెలు మారతాయి, ఎవరి డాక్టర్ చెప్పింది వాళ్లకి.

బెంచీ మీద కూర్చోబెట్టడం పరిష్కారం కాదు

ఇదంతా చదివాక మీలో కొందరికి “ఇంత రిస్క్ ఎందుకు, ఆడకుండా ఉంటే పోలా?” అనిపించి ఉంటుంది. నేను ఇదివరకు చదివిన ఒక చోట టీమ్ ఎంపికలో సరిగ్గా ఇదే జరిగింది. ట్రయల్స్‌లో బాగానే ఆడాను. ఇన్సులిన్ సంగతి తెలియగానే పేరు తీసేశారు. “ఏమన్నా అయితే మీ వాళ్లకి ఎవరు సమాధానం చెప్తారు?” అన్నారు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. బాధ్యత ఆయనది, భయం ఉంటుంది. కానీ ఆలోచించండి. షుగర్ ఉన్నవాడు నడవాలని ఊరంతా చెప్తుంది. అదే షుగర్ ఉన్నవాడు టీషర్టు వేసుకుని గ్రౌండ్‌లోకి వస్తే వద్దంటుంది. నడక మందట, ఆట ప్రమాదమట. రెండూ ఒకే కండరం చేసే పనే కదా! భయానికి మందు జాగ్రత్త, నిషేధం కాదు. మోకాలికి దెబ్బ తగులుతుందని ఎవరూ కబడ్డీ ఆపలేదు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా తెచ్చిపెట్టారు.

వసీం అక్రమ్‌కి టైప్ 1 అని తేలింది 1997లో. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఫాస్ట్ బౌలింగ్ చేసి, 2003 ప్రపంచ కప్‌లో వన్డేల్లో 500వ వికెట్ తీశాడు. అమెరికా ఈతగాడు గ్యారీ హాల్ జూనియర్‌కి 1999లో టైప్ 1 బయటపడింది. మరుసటి ఏడాదే సిడ్నీ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం పంచుకున్నాడు. అయితే వాళ్ల వెనక డాక్టర్లుంటారు, మనకి ఉండేది వింగ్‌లో స్నేహితులు. అందుకే నాకు వీళ్ల పతకాల కంటే ఇంకో సంఘటన ఎక్కువ పనికొస్తుంది. 2023 ఫ్రెంచ్ ఓపెన్‌లో టెన్నిస్ ఆటగాడు అలెగ్జాండర్ జ్వెరెవ్‌ని మ్యాచ్ మధ్యలో కోర్టు మీద ఇన్సులిన్ వేసుకోవద్దన్నారు, బయటికెళ్లి వేసుకోమన్నారు. అతను అభ్యంతరం చెప్పాక నిర్వాహకులు ఒప్పుకున్నారు. అంత పెద్ద టోర్నమెంటే ఒక చిన్న నియమం మార్చుకుంది. మన ఇంటర్ బ్రాంచ్ లీగ్ మార్చుకోలేదా?

అడుగుతున్నది ఇంతే

గ్రౌండ్ ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో నొప్పి స్ప్రే పక్కన ఒక గ్లూకోజ్ ప్యాకెట్. ఖరీదు ఒక షటిల్ కాక్ కంటే ఎక్కువేం కాదు.

బెంచీ దగ్గర మీటర్ చూసుకోవడానికి, అవసరమైతే ఇంజెక్షన్ వేసుకోవడానికి అడ్డు చెప్పని కోచ్. చాటుగా బాత్రూమ్‌లో చేసుకోవాల్సినంత తప్పు పనేం కాదది.

మ్యాచ్ ఆలస్యమైన రోజు మెస్ మూసేసినా ఒక ప్లేట్ పక్కన పెట్టే ఏర్పాటు. ఆట తర్వాత భోజనం తప్పితే నాకు అది ఆకలితో ఆగదు.

ల్యాబుల్లో, ఇంటర్నల్స్‌లో గ్లూకోజ్ బిళ్లలు దగ్గర ఉంచుకునే వీలు. జేఈఈ మెయిన్‌లోనే డయాబెటిస్ ఉన్నవాళ్లు చక్కెర బిళ్లలు, పండు, నీళ్ల సీసా తీసుకెళ్లొచ్చు. ఆ పరీక్ష రాసి ఇక్కడికొచ్చిన మనకి, ఇక్కడి మిడ్ పరీక్షలో ఆ వీలు లేకపోవడం విడ్డూరం.

చివరిది మీకు. ఆట మధ్యలో నేను పంచదార నోట్లో వేసుకుంటుంటే “షుగర్ పెట్టుకుని షుగర్ తింటున్నావేంట్రా!” అని నవ్వకండి. ఆ నిమిషంలో అదే నా మందు. మీరు నవ్వితే నేను తట్టుకుంటాను. కానీ మొన్నే జబ్బు బయటపడిన ఫస్టియర్ కుర్రాడు సిగ్గుపడి తినకుండా ఆడతాడు. వాడు పడిపోయాక మనం ఎంత పరిగెత్తినా ఆలస్యమే.

ఇక మీదట ఎవరికైనా సలహా ఇవ్వాలనిపిస్తే మాట మొత్తం చెప్పండి. నడువు, ఆడు, పరిగెత్తు. ఏ మందు వేసుకున్నావో, ఎప్పుడు తిన్నావో గుర్తుంచుకో. అంకె చూసుకుని దిగు. జేబులో గ్లూకోజ్ పెట్టుకో, పక్కవాడికి ఆ సంగతి చెప్పు.